రెండువేల ఎనిమిదా, పదకొండా

నిరుడు ఆగస్టు పంతొమ్మిది, సోమవారం, మధ్యాహ్నం ఒకటీ నలభై. రాఖీ పున్నమి. ఒకటిన్నర దాకా భద్ర ఉంది, అది దాటితే గానీ కట్టవద్దని పంతులు చెప్పాడు. అందుకని కోరుట్లలో తమ్ముడి ఇంట్లో పొద్దున తొమ్మిది నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చున్నాను.

కట్టాను. బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, నోట్లో లడ్డు పెట్టాను. ఆ తరవాత తమ్ముడు పళ్లెంలో చీర పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. మా తమ్ముడు ఫోన్ పెట్టాడు. ఫోన్‌లో రెండు కార్ల బొమ్మలు. రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. పొట్టివి, నేలకు అంటుకుపోయినవి, ఎవరో పైనుంచి తొక్కినట్టున్నవి. ఇద్దరికి మించి మూడో మనిషికి చోటు లేదు.

“అక్కా, చీర ఎటు పోదు, లోపలున్నది. ముందుగాల గిది జెప్పు. ఎనిమిదిది తీస్కోవాల్నా, పదకొండుదా?”

“ఎనిమిదేంది, పదకొండేంది?”

“మోడల్. రెండువేల ఎనిమిదిది ఒకటి, రెండువేల పదకొండుది ఒకటి. జగిత్యాలల బేరగాని దగ్గరున్నయి. రెండిట్ల ఒకటి కొంటున్న.”

“ఎవలికి?”

“నాకే.”

వంటింట్లోంచి మరదలు గొంతు పెంచింది. “అడుగు వదినె, గట్టిగడుగు. నేనడిగితే నీకు ఇంజన్ల సంగతేం తెల్సంటడు.”

తమ్ముడికి అరవై మూడేళ్లు. ఇరవై ఆరేళ్లు గల్ఫ్‌లో ఒక సేటు గ్యారేజీలో కార్లు కడిగి వచ్చాడు. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి బండ్లు జరపడం తప్ప వాటిని రోడ్డు మీద నడిపింది లేదు. ఇక్కడికి వచ్చాక లైసెన్సు తీసుకున్నాడు, పక్కింటివాళ్ల కారు నడిపాడు. ఆ పున్నమికి రెండు నెలల ముందు కరీంనగర్‌లో కంటి డాక్టరు ఆయనకు నీటికాసులని చెప్పాడు. ముందు పక్కచూపు పోతుంది, తరవాత నడిమి చూపు. పగటిపూట బండి నడుపుకోవచ్చు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, రెండేళ్లో మూడేళ్లో, అంతకు మించి మాట ఇవ్వలేను అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను పక్క కుర్చీలో ఉన్నాను.

“కండ్లు పోయేటోనికి కారెందుకురా?” అన్నాను.

పండుగ పూట అనవలసిన మాట కాదని మరదలు తరవాత నాలుగు ఇళ్లలో చెప్పిందట. నిజమే, పండుగ మాట కాదు. కానీ అడగవలసిన మాట.

“పోయేదాంక నడపనీకె,” అన్నాడు. “పోయినంక కొంటరా ఎవలన్న?”

గల్ఫ్ నుంచి తెచ్చిన మిగులు ఆయన దగ్గర ఒక కారుకు సరిపోను ఉంది. రెండోదానికి డబ్బూ లేదు, చూపూ లేదు. తప్పుడు బండి కొంటే దిద్దుకునే వీలు ఈ జన్మకు లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే నన్ను అడిగాడనుకున్నాను.

పాత యంత్రం కొనడం నాకు తెలుసు. సిరిసిల్లలో మా పవర్లూములను సాంచెలంటాం. మా షెడ్డులో పన్నెండు సాంచెలు ఉండేవి, అందులో ఒక్కటీ కొత్తది కాదు. భీవండిలో ఎవరో ఏళ్లకేళ్లు నడిపి వదిలించుకున్నవి లారీలో వచ్చేవి. మా ఆయన ఉన్నన్నాళ్లూ లారీ ఎక్కింది ఆయన, సాంచె ఏరింది నేను. దానికి రంగు చూడం, ఏడు చూడం. నిన్నటిదాకా నడిచిన సాంచె ఎంత పాతదైనా కొంటాం. ఆరు నెలలు ఆగిన సాంచె ఎంత కొత్తదైనా కొనం. నడిచేదానికి అరుగుదల ఉంటుంది, అరిగింది కంటికి కనిపిస్తుంది, మార్చుకోవచ్చు. ఆగినదానికి లోపల ఏం పట్టిందో విప్పేదాకా తెలియదు. కొన్నాక కూడా అంతే. పని ఉన్నా లేకపోయినా రోజూ కాసేపు తిప్పాలి. మా పేటలో ఇది పిల్లలకూ తెలుసు.

“నడిచిందేదో గది తీస్కో. ముందు నాకు సూపెట్టు,” అన్నాను.

ఆ గురువారం, ఇరవై రెండున, జగిత్యాల పోయాం. బైపాస్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో బేరగాడు. తెల్ల చొక్కా, చేతికి రెండు ఫోన్లు.

“రా అన్నా, రా. అమ్మను గూడ పట్టుకొచ్చినవా? బండిల కూసోబెట్టి మంచి ఫోటో దీస్త.”

“నేను అమ్మను గాదు, అక్కను. ఫోటోకు రాలే,” అన్నాను.

ముందు ఎనిమిది మోడల్ చూశాను. వెండి రంగు. డ్రైవరు సీటు అంచున తోలు నలిగి ఉంది. పైన గుడ్డ కప్పుకు ఒకచోట అతుకు వేశారు. మీటరు లక్షా పన్నెండు వేలు. హైదరాబాదులో ఒక డాక్టరు రోజూ ఆస్పత్రికి వేసుకుపోయేవాడట. బాగుచేయించిన రశీదులన్నీ ఒక సంచిలో ఉన్నాయి. పదిహేనేళ్లు నిండితే అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించుకోవాలి, అదీ చేయించాడు. తలుపుల వెనక రెండు పక్కలా చెయ్యి పట్టేంత బొక్కలు ఉన్నాయి, ఇంజనుకు గాలి పోవడానికి. వాటికి తీగ జల్లెడలు బిగించి ఉన్నాయి.

తరవాత పదకొండుది. ఎర్రది. మీటరు పంతొమ్మిది వేల మూడు వందల నలభై. ఎవరిదో ఫాంహౌస్‌లో ఆరేళ్లు కవరు కింద పడి ఉంది. టైర్లు అరగలేదు, కానీ పక్కలకు సన్నగా పగిలి ఉన్నాయి. గాలి బొక్కలకు జల్లెడలు లేవు.

“దీనికి జల్లెడలు ఏవయ్యా?”

“పాత ఓనర్ షోకుకోసం తీసేపిచ్చిండమ్మా. జల్లెడుంటే రోటి పక్కన ముసలమ్మ లెక్క గొడ్తది.”

“ఇంజన్ సూపియ్యి.”

“కనవడదమ్మా. సీటెనుక, కింద ఉంటది. నూనె పోసే మూతొక్కటే కనవడుతది.”

“కనవడని సరుకు అమ్ముతున్నవా?”

“దేవుడు గూడ కనవడడమ్మా. కొబ్బరికాయ గొడ్తలేమా?”

“దేవునికి ఇరువై నాలుగు లచ్చలు ఇస్తలేం.”

బేరగాడు నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. ఆయన ఎర్రదాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టు. అప్పుడే నాకు మండింది.

ఎనిమిదిది తీసుకోమని నా లెక్క నేను చెప్పాను. రోజూ నడిచింది, బాగుచేయించిన రుజువుంది, జల్లెడలున్నాయి చూడమని వేలుపెట్టి చూపించాను. పత్రం ఇంకా నాలుగేళ్లకు పైన ఉంది, అంటే నీ చూపు కంటే ఎక్కువ. పదకొండుదానికి పదిహేనేళ్లు నిండడానికి ఇంకా రెండేళ్లు కూడా లేదు, అప్పుడు దాని వెంట ఆఫీసుల చుట్టూ నువ్వే తిరగాలి. ఆరేళ్లు ఆగిన ఇంజను. పైగా ఏడు లక్షలు ఎక్కువ.

“పదకొండుదే,” అన్నాడు తమ్ముడు బేరగాడితో. నాతో కాదు.

బయట చాయ్ బండి దగ్గర అసలు సంగతి చెప్పాడు. సేటుకు ఎర్రది ఒకటి ఉండేదట. రెండువేల పదకొండుది, కొత్తగా వచ్చినప్పుడు. కడుగుతుంటే బకెట్ కొక్కెం తగిలి తలుపు మీద గీత పడింది. మూడు నెలల జీతం కోశాడు. ఆ రోజు నుంచి ఆ బండిని ఆయనను ముట్టనివ్వలేదు. వేరేవాడు కడుగుతుంటే ఈయన నీళ్లు మోశాడు. నాలుగేళ్లు మోశాడు.

“గందుకని?”

“గందుకే గదే గావాలె. గదే ఏడు. గదే రంగు.”

“మరి నన్నెందుకు అడిగినవురా? పండుగ పూట పళ్లెంల ఫోన్ బెట్టి?”

“నువ్వు గూడ గదే అంటవనుకున్న.”

ఆ చాయ్ నేను తాగలేదు. బండివాడి ముందే పారబోశాను. మనిషికి ఇష్టమైంది కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. ఇష్టం ముందే పెట్టుకుని, తీర్పు అడిగినట్టు అడిగి, నా నోటి నుంచి తన మాట వినాలని చూడడం నాకు పడదు. పగవాడి చెప్పు మీద మోజుపడి, అదే కొలత చెప్పు కొనుక్కుని, అది నా కాలికి పడుతుందా అక్కా అని అడిగినట్టుంది.

సెప్టెంబరు అయిదు, గురువారం, డబ్బు కట్టి బండి తీసుకున్నాడు. నేను పోలేదు. ఆ రోజు జరిగింది మరదలు ఫోన్‌లో చెప్పింది, నవ్వుతూ మొదలుపెట్టి ఏడుస్తూ ముగించింది. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆగి, అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించి దించాడు. వాళ్ల గల్లీ మొదట్లో మురుగునీటి మోరీ మీద ఎత్తుగా సిమెంటు పోశారు. దాని మీద బండి కడుపు ఆనుకుంది. ముందు చక్రాలు ఇటు, వెనక చక్రాలు అటు. గల్లీ అంతా గుమిగూడింది.

“తాతా, గిది కారా, కప్పనా?”

“అండ్లకెల్లి మనిషి లేవనీకె తాడు గావాలెరా బై.”

“కోట్ల రూపాయలదట, మోరీ దాటనీకె వస్తలేదు.”

ఎనిమిది మంది లేపి వెనక్కు పెట్టారు. ఇంటి ముందుకు ఒక్క రోజు కూడా రాకుండానే బండి ఇంటి నుంచి పోయింది. ఆ రాత్రికి పెట్రోలు బంకులో ఉంచి, మరునాడు పొద్దున పదింటికి సిరిసిల్లలో నా షెడ్డు ముందు ఆపాడు. మా షెడ్డు గచ్చు రోడ్డుకు సమానంగా ఉంటుంది, ఎత్తూ లేదు, మోరీ లేదు. పన్నెండు సాంచెల్లో ఆరు పాత ఇనుముకు పోయాక సగం షెడ్డు ఖాళీ.

“అక్కా, జర జాగ ఇయ్యి.”

“సాంచె వెట్టే జాగల వెడ్తున్నవ్. సాంచె అంత పని జెయ్యాలె మరి గీ నీ కప్ప.”

“నువ్వెంతన్న అను. జాగ ఇయ్యి.”

ఇచ్చాను. నా సాంచెల మీద నేసిన గాడా గుడ్డ పది గజాలు కప్పడానికి కూడా ఇచ్చాను. వారానికోసారి బస్సులో వచ్చి స్టార్ట్ చేసి పోతానన్నాడు.

“వారానికోపారి సాలదు. ఆరేండ్లు ఆగిందాన్ని తెచ్చినవ్. సాంచె అయినా బండి అయినా దినాం తిరగాలె,” అన్నాను.

తాళం తీసి నా చేతిలో పడేశాడు. “అయితే నువ్వే తిప్పు. అన్నీ నీకే తెల్సు గద.”

ఎత్తిపొడుపు మాటే. కానీ తాళం ఇచ్చాడు. ఇచ్చింది ఆయన చెయ్యే అన్నది ముందుకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు నుంచి పొద్దున తొమ్మిదింటికి, సాంచెలు మొదలయ్యాక, గాడా గుడ్డ సగం తీసి, ఆ బండిలోకి దిగేదాన్ని. ఎక్కడం కాదు, దిగడమే. బావిలోకి దిగినట్టు ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద పెట్టి కూలబడాలి. డెబ్బై ఒక్క ఏళ్ల మోకాళ్లు. తాళం తిప్పితే వెనక నడుము దగ్గర గుర్రుమనేది. పది నిమిషాలు పెట్టి ఆపేదాన్ని. ఆరు సాంచెల చప్పుడులో కూడా దాని చప్పుడు వేరుగా వినబడేది. అది నాకు నచ్చలేదు, ఒక్క రోజు కూడా. నచ్చకపోయినా మానలేదు. యంత్రం తప్పేముంది?

నేసేవాళ్లకు మాత్రం వేడుక.

“అమ్మా, ఇయ్యాల దుబాయి పోతున్నవా?”

“పోత. నువ్వు తెగిన పోగు అతికి సావు,” అనేదాన్ని.

తమ్ముడు ఆదివారాలు వచ్చేవాడు, అన్నీ కాదు. వచ్చి ముందు గంటసేపు తుడిచేవాడు. చక్రాల పుల్లలు వేలికి గుడ్డ చుట్టి ఒక్కొక్కటీ తుడిచేవాడు. ఆ తరవాత వేములవాడ రోడ్డు మీద పావుగంట నడిపి, తెచ్చి పెట్టి, మళ్లీ తుడిచేవాడు. జనవరిలో ఒక ఆదివారం నేను ఉండబట్టలేక అన్నాను.

“కడుగుడే అలవాటైందిరా నీకు. నడుపుడు రాలే.”

చేతిలో గుడ్డ నేలకేసి కొట్టి పోయాడు. రెండు ఆదివారాలు రాలేదు. నేను పిలవలేదు. పొద్దున తొమ్మిదింటికి తాళం తిప్పడం మాత్రం ఆపలేదు.

ఈ ఏడు ఏప్రిల్ పదమూడు, ఆదివారం. కోరుట్లలో మా చిన్నమ్మ సంవత్సరికం. నేను బస్సులో పోతానంటే వినలేదు. ముందు రోజే వచ్చి పడుకున్నాడు. “ఏడు నెలలాయె, ఒక్కపారి కూసో అక్కా,” అన్నాడు. పోయిన చిన్నమ్మ కోసమని కూర్చున్నాను.

తొమ్మిదీ ఇరవైకి బయలుదేరాం. వేములవాడ దాటాం. ఎవరైనా అటో ఇటో పక్క నుంచి వస్తే తమ్ముడు కళ్లు తిప్పడం లేదు, తల మొత్తం తిప్పుతున్నాడు, ఎద్దు తిప్పినట్టు. అది చూశాను. చూసి ఊరుకున్నాను. పైకప్పు మీట నొక్కి వెనక్కి పంపాడు. ఎండ నెత్తిన పడింది.

“సేటు కప్పు తీసి తిరిగేటోడు,” అన్నాడు.

“సేటుకు ఏప్రిల్ నెల ఎండ తెల్వదు.”

“అక్కడ ఇంకెక్కువ ఎండ. నీకేం తెల్సు?”

ఆయన మొహం మీద ఒక తీరు సంబరం ఉంది. దాన్ని చెడగొట్టడం నాకు చేతనవును, చెయ్యలేదు.

చందుర్తి దగ్గర రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఎండబోశారు. బండి మెల్లగా పోవాల్సి వచ్చింది. నా నడుము వెనక వేడి తగిలింది. ముందు ఎండ వేడి అనుకున్నాను. తరవాత గుడ్డ మాడిన వాసన. మా షెడ్డులో మోటారు కాలితే వచ్చే వాసన అదే. నేను దాన్ని నిద్రలో కూడా గుర్తుపడతాను.

“ఆపురా.”

“ఇంకింత ముందు నీడ ఉన్నది.”

“ఆపుమంటున్న!”

నీడ దాకా పోనిచ్చాడు. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటి ఎంతసేపైందో ఆయన చూడలేదు. అది ఆయన చూసే వైపు లేదు. నీడ చేరకముందే లోపల ఇనుము ఇనుముకు పట్టుకున్న చప్పుడు వచ్చింది. సాంచెకు ఇరుసు పట్టేసినప్పుడు వచ్చేది. ఆ చప్పుడు తరవాత ఏమీ ఉండదు. పదీ పది అయింది.

వడ్ల దగ్గర నుంచి నలుగురు వచ్చారు. “ఎక్కడ వట్టుకొని నూకాలె తాతా దీన్ని? పట్టుకుందామంటె ఏం లేదు.” నూకారు. కొంచెం నవ్వారు కూడా. నేను రోడ్డు మీదికి పోయి బస్సు ఆపి, చిన్నమ్మ సంవత్సరికానికి ఒక్కదాన్నే పోయాను. తమ్ముడు బండి దగ్గరే సాయంత్రం దాకా ఉన్నాడట. తిండి లేదు.

బండిని లారీ మీద జగిత్యాల బేరగాడి షెడ్డుకు చేర్చారు. హైదరాబాదు నుంచి మెకానిక్ వచ్చి కింది నుంచి విప్పాడు.

ఏప్రిల్ ఇరవై రెండు, మంగళవారం, పొద్దున పదకొండింటికి సాంచెలు నడుస్తుండగా తమ్ముడు షెడ్డులోకి వచ్చాడు. చేతిలో ఎరువుల సంచి. నా కాళ్ల ముందు దాన్ని బోర్లించాడు. తెల్ల పీచు. దిండులో దూది కుక్కినట్టు ముద్దలు ముద్దలు, కొన్ని నూనెలో నానినవి, కొన్ని మాడి నల్లబడ్డవి.

“ఏందో సూడు.”

చూసేదేముంది? సాంచె నడిస్తే పోగు నుంచి పీచు లేస్తుంది. మా షెడ్డులో గాలి కంటే పీచు ఎక్కువ, కిటికీ చువ్వలకు, బల్బుకు, మా కనురెప్పలకు కూడా పడుతుంది. ముద్దను వేళ్ల మధ్య నలిపాను.

“నా నూలే,” అన్నాను.

“నీ నూలే! దినాం పది నిమిషాలు నా బండికి నీ పీచు తినవెట్టినవ్. అటు గాలి వోయే తొవ్వ, ఇటు సల్లవడే తొవ్వ, రెండూ కుక్కి మూసినవ్. మెకానిక్ నవ్విండు. దిండు లోపల ఇంజన్ పెట్టిండ్రా అన్నడు.”

“తిప్పుమని తాళం ఎవలిచ్చిండ్రు?”

“దినాం తిప్పుమన్నదెవలు?”

“ఆరేండ్లు ఆగిందాన్ని తెచ్చినందుకు అన్న. ఎనిమిదిదానికి జల్లెడలున్నయని నీకు సూపెట్టిన. వేలుపెట్టి సూపెట్టిన. జల్లెడలు లేని నోరు నువ్వు కొని తెస్తే, అండ్ల పీచు వోతే నాదా తప్పు?”

“బయటికి దీసి తిప్పితే సచ్చిపోతుంటివా?”

“డెబ్బై ఏండ్ల ముసలిది నీ కారును రోడ్డు మీదికి నడుపుకుంట పోవాల్నా? సంసారం జేసిన షెడ్డుల జాగ ఇచ్చిన, చాలదా?”

సాంచెలు ఆపి అందరూ వింటున్నారు. తమ్ముడు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు, తల తిప్పి తిప్పి.

“నాకు ఇంకో బండి లేదక్కా,” అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. అది అరిచినదానికంటే ఎక్కువ కోపం. “ఇంకో బండి కొననీకె కండ్లు లేవు.”

“గది నేను రాఖీ నాడే జెప్పిన.”

ఈ మాట అన్నందుకు నేసేవాళ్లలో ఒకామె వారం రోజులు నాతో మాట్లాడలేదు. జరిగింది జరిగినట్టు రాయాలి కాబట్టి రాశాను. పీచు నాది. జల్లెడ లేని బండి ఆయనది. రోజూ తిప్పాలన్న సూత్రం మా ఇద్దరిది. మా నాయన సాంచె దగ్గర ఇద్దరం కలిసి నేర్చుకున్నదే. జల్లెడ లేని బండిని షెడ్డులో పెట్టిన నాడు ఆయనా అక్కడే ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఎన్నిసార్లు కూడినా నాకు లెక్క ఇలాగే వస్తుంది. ఆయనకు వేరుగా వస్తుంది.

కొత్త ఇంజను ధర బండి ధర కంటే ఎక్కువ పలికింది. బేరగాడే తిరిగి కొన్నాడు, ముక్కలు ముక్కలుగా అమ్ముకోవడానికి.

జూన్‌లో బ్యాంకు పని మీద జగిత్యాల పోయినప్పుడు ఎనిమిదిదాన్ని చూశాను. వెండి రంగు, అదే అతుకు. బస్టాండు దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉంది, దుమ్ము కొట్టుకుని. పక్క సీటులో కోళ్ల దాణా మూట. బండాయన వెల్గటూరు దిక్కు మనిషి, కోళ్ల ఫారం ఉందట. జల్లెడలు ఉన్నాయో లేదో వంగి చూశాను. ఉన్నాయి, నిండా గడ్డీ దుమ్మూ పట్టి.

“ఎట్ల నడుస్తుందయ్యా?”

“దీనికేమైతదమ్మా! దినాం నడుస్తది. ఎందుకు, కొంటవా?”

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. “ఎనిమిదిది నడుస్తున్నది. దాణా మోస్తున్నది,” అన్నాను. పెట్టేశాడు.

ఆగస్టు తొమ్మిది, శనివారం, మళ్లీ రాఖీ పున్నమి. ఈసారి పగలు భద్ర లేదు. పొద్దున ఎనిమిదింటి బస్సుకు పోయాను. అక్క రాలేదన్న మాట నా మీద ఉండకూడదు. గల్లీ మొదట్లో మోరీ మీది సిమెంటు అలాగే ఉంది.

మరదలు వాకిట్లోనే ఆపింది. నిరుటిలా నవ్వలేదు, ఏడవలేదు.

“పోయిన నెల డాక్టర్ సూసిండు వదినె. బండి ముట్టుకోవద్దన్నడు. సైకిల్ మోటర్ గూడ వద్దన్నడు.”

“రెండు మూడేండ్లన్నడు గద?”

“గట్లన్నడు. ఒడిసింది.”

తమ్ముడు లోపలి గదిలో కళ్లల్లో మందు వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పళ్లెం సర్దుకుని గడప దగ్గరికి పోయాను. నా అడుగు గుర్తుపట్టాడు.

“వద్దు,” అన్నాడు, కళ్లు తెరవకుండా. “గా చెయ్యితోనే తాళం దిప్పినవ్.”

“తాళమిచ్చిన చెయ్యికే కడ్తనంటున్న.”

“అక్కా, పో.”

“ఎనిమిదిది తీస్కుంటే ఇయ్యాల–”

“ఎనిమిది మాట ఈ ఇంట్ల ఇంకోపారి ఎత్తితే మంచిగుండది. పో.”

రాఖీ ఫ్రిజ్ మీద పెట్టాను. లడ్డు మరదలు చేతిలో పెట్టాను. నీళ్లు ఇవ్వబోయింది, తాగలేదు. పదీ నలభై బస్సుకు వచ్చేశాను.

పోయినవి ఇవి. ఇరవై నాలుగు లక్షలకు కొన్న బండి. బేరగాడు వెనక్కు ఇచ్చింది మూడు లక్షల పదివేలు. కొన్న నాడు మీటరు పంతొమ్మిది వేల మూడు వందల నలభై, చందుర్తిలో ఆగిన నాడు పంతొమ్మిది వేల తొమ్మిది వందల పన్నెండు. చూపు ఉండగా తమ్ముడు తన బండి నడిపింది అయిదు వందల డెబ్బై రెండు కిలోమీటర్లు. అందులో నేను పక్కన కూర్చున్నవి ముప్పై ఒకటి. నా షెడ్డులో సగం, ఏడు నెలలు. గాడా గుడ్డ పది గజాలు, నూనె మరకలు పడి పనికిరాలేదు. రాఖీ ఒకటి, నలభై రూపాయలు. మాట ఆ రోజు నుంచి లేదు. బస్సుకు ఏమీ పోలేదు. ఆడవాళ్లకు సున్నా టికెట్టు.